రెండు గోదాల కప్పలు

రేగులపాలెం గౌరునాయుడు గారు ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. జవాబుకు బదులు ఏదో ఒక పని చెప్పేవారు. పట్టు విడిపించుకోవడం ఎలాగని అడిగినవాడిని చింతచెట్టెక్కి కాయలు దులపమన్నారు. భయం ఎలా పోతుందని అడిగినవాడిని వారం రోజులు ఊరి ఆంబోతుకు కుడితి పెట్టమన్నారు. పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ఒళ్ళునొప్పులు మిగిలేవి. ఒళ్ళునొప్పులు మిగిలినవాళ్ళు మళ్ళీ వచ్చి అడిగితే ఆయన విసుక్కోకుండా ఇంకో పని చెప్పేవారు.

ఆయన చదువు చెప్పే గురువు కాదు. విజయనగరం వైపు పల్లెల్లో తాలింఖానాలుండేవి. అంటే కుస్తీ నేర్పే పాకలు. పాక నడుమ తొడ లోతున తవ్వి, అడుగున మెత్తటి ఎర్రమట్టి పోసిన గుంట ఉంటుంది. దాన్ని గోదా అంటారు. గౌరునాయుడు గారు నలభై ఏళ్ళు ఆ మట్టిలో పొర్లి, పొర్లించి, మోకాళ్ళు అరిగాక గట్టుమీద బల్ల వేయించుకుని కూర్చున్నారు. కుర్రవాళ్ళ చేత కసరత్తు చేయించే పని పెద్దశిష్యుడు ముత్యాలుది అయింది. ముత్యాలు మంచివాడే. కాని మంచితనం పైకి కనబడితే గోదాలో మర్యాద ఉండదని అతని నమ్మకం. ఆ భయంతో అతను పదేళ్ళుగా ఎవరినీ మెచ్చుకోలేదు.

ఒక ఆషాఢంలో, వాన వెలిసిన ఉదయం, ముత్యాలు వచ్చి గురువుగారి బల్ల దగ్గర గొంతుకూర్చున్నాడు.

“కష్టాల్లో పెరిగినోడు గట్టిపడాల కదండీ. మరి దాలయ్య ఎందుకు గట్టిపడనేదు?” అని అడిగాడు.

దాలయ్య ఎవరో చెప్పాలి. తుపాను ఊరిని ఊడ్చుకుపోయిన ఏడాది పుట్టాడు. తల్లిదండ్రులు పొట్ట చేత పట్టుకుని ఇటుకబట్టీకి వెళ్తే అక్కడే పెరిగాడు. ఆరో ఏట నుంచీ ఇటుకలు మోశాడు. గంజి ఉన్న రోజు గంజి, లేని రోజు నీళ్ళు. పంతొమ్మిదో ఏట తాలింఖానాకు వచ్చి, మూడేళ్ళుగా చోడి అంబలీ పాలూ గుడ్లూ కడుపునిండా తింటున్నాడు. పట్లన్నీ అతనికి వచ్చినట్టు ఇంకెవరికీ రావు. మొదటి విడతలో ఎంతటి వస్తాదునైనా కదిలిస్తాడు. మూడో విడతకు వచ్చేసరికి మాత్రం రొప్పు పుడుతుంది, మోకాళ్ళు వణుకుతాయి. అలా వణికినప్పుడల్లా ముత్యాలు అతని చేత నూరు బస్కీలు అదనంగా తీయించేవాడు. వణుకు ఒంట్లో లేదని, సోమరితనంలో ఉందని అతను తేల్చేశాడు. దాలయ్య ఎదురు మాట్లాడకుండా తీసేవాడు. మర్నాడు మళ్ళీ వణికేవాడు.

ఊరు వంతులవారీగా ఎనిమిది మందికే తిండి పెట్టేది. తొమ్మిదో విస్తరికి చోటు లేదు. పొరుగూరి కుర్రవాడొకడు, దున్నపోతులాంటివాడు, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. దాలయ్యను పంపేస్తే అతనికి చోటు దొరుకుతుంది. దాలయ్యకు మళ్ళీ ఇటుకబట్టీయే గతి. కుస్తీ పోటీలు జరిగే నాగుల చవితి తీర్థంలోపు ఈ సంగతి తేల్చేయాలని ముత్యాలు ఆరాటం.

గురువుగారు అంతా విని, “అలగా,” అన్నారు. కాసేపు చూరు నీళ్ళు చూశారు. “రెండు గోదాల్లోనూ నీళ్ళు నిండిపోనాయి. కొత్తగోదా తోడీ. పాతదాని జోలికెళ్ళకు,” అన్నారు.

కొత్తగోదా పాకకు ఆ ఏడు తాటాకు కప్పడం ఆలస్యమై వానంతా గుంటలో పడింది. పెరట్లో ఉన్న పాతగోదాకు ఎప్పటినుంచో పైకప్పే లేదు. రెండింటిలోనూ కప్పలు గుడ్లు పెట్టాయి. సగ్గుబియ్యం జావలా తేలే గుడ్లు నాలుగు రోజుల్లో పిల్లలయ్యాయి. కాళ్ళు లేవు, నల్లటి తలా తోకా అంతే. తీర్థం ముందుంటే గోదా నీళ్ళలో ఉండటం కుదరదు. ఇందులో ఒక చిక్కుంది. గోదా ఆంజనేయస్వామిది. అందులో చేరిన ప్రాణిని, చీమనైనా సరే, చంపితే ఆ ఏడు తీర్థంలో ఓటమి తప్పదని వాళ్ళ పట్టింపు. అందుకని ముత్యాలు తెలివిగా ఒక ఏర్పాటు చేశాడు. కుండ మూతికి పలచటి గుడ్డ కట్టి, పిల్లలు కుండలో పడకుండా, రోజుకు ఇరవై కుండలు మాత్రమే తోడించాడు. ఒక్కసారిగా తోడితే పిల్లలు బెదిరి చస్తాయని అతని దయ. ఇది నాకు చాలా ఏళ్ళ తరువాత ముత్యాలే చెప్పాడు. తన తప్పు తానే చెప్పుకునేవాడి మాట నమ్మవచ్చు.

పాకకు తాటాకు కప్పాక పైనుంచి వాన ఆగింది. కొత్తగోదాలో నీళ్ళు మోకాలి నుంచి పిక్కకు, పిక్క నుంచి చీలమండకు దిగాయి. పిల్లలు మట్టుకు అన్నే ఉన్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, పగలు వేడెక్కిన ఆ కాస్త నీళ్ళలో పొర్లాడాయి. పాతగోదాలో మాత్రం పిల్లలు తీరిగ్గా నాచు కొరుక్కుంటూ తిరుగుతున్నాయి. వాటికి తొందరలేదు.

ఒకరోజు కొత్తగోదా పిల్లలకు కాళ్ళు కనబడ్డాయి. వారం తిరక్కుండా చిన్న చిన్న కప్పలు, ఇంకా తోక మొదలు ఊడనివి, గట్టెక్కి కూర్చున్నాయి. పాతగోదాలో ఇంకా తోకలే. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, కుస్తీ కుర్రవాళ్ళు తమ గోదా కప్పలను చూసుకుని మురిసిపోయారు. ఎవరు ముందు బరిలోకి దిగితే వాడే మొనగాడన్నది వాళ్ళ లెక్క. కప్పలకూ అదే లెక్క కట్టారు. ముత్యాలుకైతే తన ప్రశ్నకు జవాబు దొరికిపోయిందనిపించింది.

“సూశారా, నీళ్ళు తగ్గేసరికి ఎలగ కాళ్ళొచ్చీసినాయో! కష్టం తగలాలిరా, కష్టం,” అని అందరికీ చెప్పాడు.

కుండ దించి చేతులు దులుపుకుంటున్న దాలయ్య గుంటలోకి వంగి చూశాడు.

“నీళ్ళు అయిపోతన్నాయని ఆటికి తెలిసిపోయుంటాదండి,” అన్నాడు.

“తెలిస్తే మంచిదే కదా. తొరగా పెద్దవైపోనాయి.”

“ఏమోనండి. నానూ ఆరేళ్ళకే పెద్దోణ్ణయిపోనాను,” అని దాలయ్య నవ్వి, కుండ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు ముత్యాలుకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు తెలియలేదట.

అతను ఈ శుభవార్త మోసుకుని గురువుగారి దగ్గరకు వెళ్ళాడు. ఆయన సంతోషించిన జాడ లేదు. ఆ కప్పల్లో ఓ నలభై పట్టి, పాడుపడ్డ ఎడ్లశాలలో ఒక గదిలో వదలమన్నారు. మూడు వారాలకు పాతగోదా కప్పలూ గట్టెక్కాయి. వాటిలోనూ నలభై పట్టించి పక్క గదిలో వదిలించారు. రెండు గదుల్లోనూ నేల తడిపి, పెంకు కుండలు బోర్లించి, తొట్టెల్లో నీళ్ళు పోయించారు. “రెండిటికీ ఒక్కలాగే మేపు. ఒక్క పురుగు తేడా రాకూడదు,” అన్నారు.

తీర్థాల్లో తొమ్మిదిమందిని వెల్లకిలా పడగొట్టిన ముత్యాలు, చేట పట్టుకుని చెదపుట్టలు వెతుక్కుంటూ పొలంగట్ల వెంట తిరిగాడు. సాయంకాలం దీపం పెట్టి ఉసుళ్ళు పట్టాడు. నూతి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? “ముత్యాలన్నా, ఈయేడు తీర్థానికి కప్పల్ని దించుతున్నావేటి?” అని ఆటపట్టించారు. అతను ఉడుక్కున్నాడు, కాని మేత ఒక్కరోజూ తప్పించలేదు. రెండు చేటలు పెట్టి సమంగా పంచేవాడు. కొత్తగోదా కప్పలు తనవన్న అభిమానంతో వాటి వైపు ఓ నాలుగు పురుగులు ఎక్కువ వేశానని కూడా తరువాత ఒప్పుకున్నాడు.

కార్తీకం వచ్చింది. తీర్థం రెండురోజులుందనగా గురువుగారు కప్పలను గోదా దగ్గరకు తెప్పించారు. ఎర్రమట్టి చదును చేయించి కర్రతో ఒక గీత గీయించారు. అవతలి మూల నీడలో, తడి గోనెపట్టా పరిపించారు. ఒక్కొక్క కప్పనూ గీత మీద పెట్టి, వెనక కందిపుల్లతో నేల తట్టాలి. ఎంత దూరం దూకితే అంత దూరం జానతో కొలవాలి. కుర్రవాళ్ళు ఎనిమిదిమందీ మూగారు. ముత్యాలు మీసం సవరించుకుని కొత్తగోదా కప్పల పక్షాన నిలబడ్డాడు.

పాతగోదా కప్పలు మూడు జానలు దూకాయి, కొన్ని మూడున్నర. దూకుతూ దూకుతూ గోనెపట్టా మీదకు వెళ్ళి కూర్చున్నాయి. కొత్తగోదా కప్పలు మూడు వారాలు ముందే గట్టెక్కినవి. అయినా అరచేతిలో పెట్టుకుంటే తేలికగా ఉన్నాయి. వెనక కాళ్ళు సన్నం. మొదటిది రెండు జానలు దూకింది. రెండోదీ అంతే. ముత్యాలు చేతికందిన పదింటినీ మార్చి మార్చి చూశాడు. ఒక్కటీ రెండున్నర దాటలేదు. పైగా నాలుగు గెంతులేసేసరికి గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటూ ఉన్నచోటే కూలబడేవి.

కుర్రవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యాలు మొహం ఎర్రబడింది. కూలబడిన కప్ప వెనక నేల తట్టాడు. అది కదల్లేదు. గట్టిగా తట్టాడు. ఇంకా కదల్లేదు. ఈసారి పుల్ల నేలకు కాక కప్ప వీపుకు తగిలింది. రెండో దెబ్బకు చెయ్యెత్తేసరికి గురువుగారు బల్ల మీద నుంచి లేచి వచ్చి మణికట్టు పట్టుకున్నారు. మోకాళ్ళు అరిగినా చేతి పట్టు అరగలేదు.

“దాన్నెందుకు కొడతన్నావు?”

“దూకట్లేదండి. ఇన్నాళ్ళు మేపినాను. దానికేటి తక్కువ సేసినాను?”

“మేపినావు. కాదన్ను. నీళ్ళు తోడించిందెవరు?”

“నానేనండి.”

“కప్ప తోడుకుందేటి?”

ముత్యాలు పుల్ల కింద పడేశాడు. అతని వెనక, కుర్రవాళ్ళ నడుమ, దాలయ్య నిలబడి ఉన్నాడు. అతని వైపు చూసే ధైర్యం ముత్యాలుకు లేకపోయింది. చూపు నేలమీదే ఉంచి, చిన్నపిల్లవాడిలా అడిగాడు: “మరి ఇన్నాళ్ళ మేత ఏటైపోనాదండీ?”

“ఎక్కడికీ పోనేదు. మేత పెట్టబట్టే బతికింది. కాళ్ళు మొలిసింది మాత్రం ఆ తరిగిపోతన్న నీళ్ళలో.”

ఇంతటితో అర్థమైపోయిందని మీరనుకోవచ్చు. శిష్యులన్నవాళ్ళు అంత తేలిగ్గా గురువును వదలరు. కుర్రవాళ్ళు వెళ్ళిపోయాక ముత్యాలు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి, “అయితే దాలయ్యలో లోపం ఆడిది కాదన్నమాట. కాని ఇంక బాగవదు కదండీ. పంపించెయ్యడమే మంచిది,” అన్నాడు. ఇంతకుముందు తప్పు మోపి పంపేద్దామన్నవాడు ఇప్పుడు జాలిపడి పంపేద్దామంటున్నాడు. ఎలా పంపినా చేరేది ఇటుకబట్టీకే.

గురువుగారు అతన్ని గట్టుమీద కూర్చోమని సైగచేసి తానూ కూర్చున్నారు. దెబ్బతిన్న కప్ప మట్టిలో అలాగే ఉంది. ముత్యాలు రెండుసార్లు లేవబోతే రెండుసార్లూ భుజం పట్టి కూర్చోబెట్టారు. ఎండ పాక గుంజ దాటి లోపలికి వచ్చింది. కప్ప గొంతు కొట్టుకోవడం నెమ్మదించింది. తరువాత, ఎవరూ తట్టకుండానే, అది ఒక గెంతు వేసింది. ఆగింది. ఇంకోటి వేసింది. మూడు గెంతులకొకసారి ఆగుతూ, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేనట్టు, ఆ మట్టంతా దాటి తడి గోనెపట్టా చేరింది. మిగతావాటికంటే ఎంతో ఆలస్యంగా చేరింది. ముత్యాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సాయంకాలం కసరత్తులో దాలయ్య కుస్తీ పట్టాడు. మొదటి విడత గెలిచాడు. రెండోది కూడా, కష్టంమీద, గెలిచాడు. మూడో విడతకు ఎదుటివాడి మెడమీద చెయ్యి వేశాడో లేదో మోకాళ్ళు వణికాయి. నోరు తెరిచి రొప్పుతూ ఒక మోకాలు నేలకు ఆన్చాడు. అందరూ అలవాటుగా ముత్యాలు వైపు చూశారు. దాలయ్య కూడా లేచి, బస్కీలకు సిద్ధమై చేతులు నడుముకు చేర్చాడు.

ముత్యాలుది పదేళ్ళుగా ఒకే మాటకు అలవాటుపడిన నోరు. ఎవరినో కసురుకున్నట్టు, “కూకో. ఊపిరి తీసుకో,” అన్నాడు.

దాలయ్య కూర్చోలేదు. ముత్యాలు ముఖంలోకి చూశాడు, తరువాత మిగతా ఏడుగురి ముఖాల్లోకీ చూశాడు. బస్కీలు కూడా చెప్పడం లేదంటే ఇక తనను వదిలేసినట్టే అనుకున్నాడు. మెల్లగా వంగి, గోదా మట్టి చిటికెడు తీసి కళ్ళకద్దుకున్నాడు. గోదా విడిచి ఇక రాకుండా వెళ్ళిపోయేవాడు అలా చేయడం అక్కడి ఆనవాయితీ. గట్టుమీద ఉన్న తన చొక్కా అందుకుని, ఏ కోపమూ లేని గొంతుతో అన్నాడు:

“తీర్థం దాకా ఉండనిస్తారనుకున్నానండి. ఇప్పుడే ఎల్లిపోమంటారా?”

ముత్యాలు చేతిలో ఉన్న తుండుగుడ్డను నలుపుతూ, ఏం చేయాలో తెలియక, బల్ల వైపు తిరిగాడు.

బల్ల మీద గౌరునాయుడు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

“కూకోమన్న మాట ఆడికి కొత్తరా,” అన్నారు. “మళ్ళీ సెప్పు.”